జమ్మిచెట్టు మీద శవం

“లోకంలో నేరస్తులు రెండే రకాలు సర్ఫరాజ్! నాకు దొరికినవాళ్లు, నాకు దొరకబోయేవాళ్లు!”

మా విష్ణువర్ధన్ ఈ మహావాక్యం పలికింది విశ్వవిద్యాలయం క్యాంటీన్లో, పొద్దున ఉగ్గాని తినే వేళ. అప్పుడతని చేతిలో ఒక భూతద్దం ఉంది. దాంట్లోంచి అతను పరిశీలిస్తున్నది నా ప్లేటు.

“ఇంతవరకూ ఎంతమంది దొరికినారప్పా?” అన్నాను.

“మొదటి రకంలో ఇంకా ఖాళీలుండాయిలే,” అని ఒప్పుకుని, నా మిరపకాయ బజ్జీ ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. “ఇది అనుమానాస్పదంగా ఉంది. పరీక్షకు పంపాలి.”

పంపాడు. నేరుగా నోట్లోకే పంపాడు.

విష్ణువర్ధన్‌ది నల్లమాడ, నాది బుక్కరాయసముద్రం. ఇద్దరం రంగస్థల కళల్లో ఎం.ఏ. ఆఖరి ఏడాది చదువుతున్నాం. చదువు నటన గురించి గానీ అతని మనసంతా అపరాధ పరిశోధన మీదే. పరిశోధనలో దిగాడంటే మనిషి తీరే మారిపోతుంది. నల్లమాడ మాట మాయమై, అచ్చు పుస్తకాల్లోని భాష వచ్చేస్తుంది. ఒంటి మీదికి కోటు వస్తుంది. ఆ కోటు మా నాటకాల గదిలోది, తెల్లదొర వేషానికి కుట్టించింది, మోకాళ్ల కిందికి దిగుతుంది. అనంతపురం ఎండలో మేమంతా బనియన్లు కూడా బరువనుకుంటుంటే అతను ఆ కోటు కాలరు పైకి లేపుకుని తిరుగుతాడు. కోటు కింద ఒంటినిండా చెమటకాయలు. గోక్కుంటూనే “నేరం నిద్రపోదు” అంటాడు. చెమటకాయలు నిద్రపోనివ్వవు అంటే సరిగ్గా ఉండేది.

అతని పాత కేసుల గురించి ఒక్కటి చెబితే చాలు. హాస్టల్లో అతని చెప్పులు పోతే వారం రోజులు అందర్నీ పీడించాడు, వార్డెన్ గదిలో కూడా సోదా చేశాడు. సోదా చేసినన్నాళ్లూ ఆ చెప్పులు అతని కాళ్లకే ఉన్నాయి.

నవ్వుకుని ఊరుకోదగ్గ మనిషే. కాకపోతే ఈసారి అతని మెడకు నా మెడ కూడా కట్టి ఉంది.

మా ఆఖరి పరీక్ష ఒక నాటకం. పద్యనాటకం నేర్పడానికి గోరంట్ల వైపు నుంచి పుల్లన్న మేష్టారు ఈ ఏడాదే మా దగ్గరికి వచ్చారు. జీవితమంతా ఊరూరా తిరిగి నాటకాలాడిన పెద్దమనిషి. కోపిష్టి, మహా పట్టింపుల మనిషి. తన బృందం కోసం తాను కట్టుకున్న నాటకాన్నే మాచేత వేయిస్తున్నారు. శత్రువులొచ్చి రాజ్యంలోని పశువుల్ని తోలుకుపోతారు. నిండు సభలో మీసం మెలేసి “నేనొక్కణ్ణే పోయి తెస్తా” అన్న యువరాజు, తీరా శత్రుసేనను చూడగానే పరుగు లంకించుకుంటాడు. సారథి అతన్ని పట్టుకుని, బతిమాలి, బెదిరించి, చెట్టెక్కిస్తాడు. యువరాజు విష్ణువర్ధన్, సారథి నేను. ఆ సీనుకు మా ఇద్దరికీ కలిపే మార్కులు.

గొప్పలు చెప్పుకునే ఘట్టంలో విష్ణువర్ధన్‌కు ఎదురు లేదు. అక్కడ అతను నటించాల్సిన పనే లేదు. చిక్కంతా భయపడే ఘట్టంతోనే. రిహార్సల్లో మా రేఖ మేడమ్ గొంతు పోయేలా అరిచేవారు.

“భయపడు విష్ణూ!”

“పడతాండా మేడమ్.”

“యాడ? నాకు కనపడలే!”

“లోపల పడతాండా మేడమ్. వీరుడు బయటికి చూపించడు.”

“నీది వీరుని వేషం కాదప్పా, పిరికోని వేషం! నీ మాట వింటాంటే పాఠం అప్పజెప్పినట్టుండాది. మనిషి మాట్లాడినట్ల మాట్లాడు!”

“భయం అనే పదం నా నిఘంటువులో లేదు మేడమ్.”

“అట్లయితే మార్కులు అనే పదం నా నిఘంటువులో ఉండదు,” అన్నారు మేడమ్.

అది ఉత్త బెదిరింపు కాదు. నటన పేపరు విష్ణువర్ధన్ ఇదివరకే ఒకసారి తప్పాడు. నల్లమాడలో వాళ్ల నాయన ఓబన్నకు ఎరువుల అంగడి ఉంది. “ఈసారి తప్పితివంటే పెట్టె సర్దుకోని వచ్చి అంగట్లో కూసో,” అని ఆయన తేల్చి చెప్పేశాడు. విష్ణువర్ధన్‌కు యూరియా వాసన తగిలితే తుమ్ములు. అంతకంటే ముఖ్యం, అతనికి నాటకమంటే నిజంగానే ప్రాణం. రాత్రి కలవరింతల్లో కూడా సంభాషణలు చెబుతాడు, అవీ తప్పులు చెబుతాడు. వాడు వెళ్లిపోతే ఆ హాస్టలు గదిలో నేను ఉండలేను. ఈ సంగతి వాడితో ఎప్పుడూ అనలేదు, అంటే దానికీ భూతద్దం పెట్టి చూస్తాడు.

పరీక్ష మూడు రోజుల్లో ఉందనగా కథ అడ్డం తిరిగింది.

ఆ పొద్దున సామాన్ల గదికి వెళితే ఆయుధాలు లేవు. పుల్లన్న మేష్టారు ఊరినుంచి తెచ్చిన గద, విల్లు, కత్తులు, డాలు ఏవీ లేవు. మేష్టారు కూడా లేరు. ఒక్క క్లాసూ మానని మనిషి ఆ రోజు రాలేదు. గది మధ్యలో ఆయన కండువా పడి ఉంది. దాని మీదా, నేల మీదా ఎర్రటి మరకలు.

విష్ణువర్ధన్ ఊపిరి బిగబట్టాడు. కోటు కాలరు లేచింది.

“ఈ గదిలో మృత్యువు అడుగులు పడ్డాయి సర్ఫరాజ్!”

“అవి నీ అడుగులే. తడిలో తొక్కినావు చూడు.”

అతను వంగి ఒక మరకను వేలితో తాకి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. “రక్తం. వయసు మళ్లిన మనిషి రక్తం.”

“పసుపులో సున్నం కలిపిన నీళ్లప్పా అవి. దిష్టి తీసేటివి. మా వీధిలో ప్రతి ఇంటి ముందరా పోస్తారు.”

“అలా అనుకోవాలనే హంతకుడు అందులో సున్నం కలిపాడు.”

“హంతకుడా? ఎవరు చచ్చినారిప్పుడు?”

“చూడు సర్ఫరాజ్. గద లేదు. మేష్టారు లేరు. అంటే ఏమిటి? గదతో మేష్టారిని మోది, గదను మాయం చేశారు!”

“మరి విల్లు, కత్తులు ఎందుకు ఎత్తకపోయినారు?”

“ఒక్క దెబ్బకు పోకపోతే అని.”

“అది రేకు గద విష్ణూ! లోపలంతా డొల్ల. దాంతో కొడితే మేష్టారికి ఏమీ కాదు, గదకే సొట్ట పడతాది.”

“అందుకే దాన్ని ఎవరూ అనుమానించరు,” అన్నాడు నా భుజం తట్టి. “ఈ హంతకుడు మామూలువాడు కాడు.”

నేను ఆ పూటే రేఖ మేడమ్‌ను అడిగాను. “మేష్టారు వస్తార్లే, సామాన్లూ వస్తాయిలే. నువ్వు ముందు ఆ పిల్లోన్ని రిహార్సలుకు పట్టకరా,” అన్నారు. తలుపు చాటునుంచి విన్న విష్ణువర్ధన్ ముఖం గంభీరమైంది. “మేడమ్ గొంతులో దుఃఖం లేదు, గమనించావా? ఈ కుట్ర వేళ్లు చాలా పైదాకా పాకాయి.”

“వేళ్లు కిందికి పాకుతాయి,” అన్నాను. అతను వినలేదు.

ఇక సుష్మ మీద పడ్డాడు. సుష్మ మా క్లాసే, నాటకంలో రాణి వేషం, సామాన్ల గది తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. గదులు ఊడుస్తున్న ఆమెకు అడ్డంగా నిలబడి, భూతద్దంలోంచి ఒక కన్ను పెద్దది చేసుకుని అడిగాడు.

“ఆయుధాలు ఎక్కడ?”

సుష్మ పెదవులు బిగించింది.

“పుల్లన్న మేష్టారు ఎక్కడ?”

నోటిమీద వేలు పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.

“ఈ మౌనం నిన్ను కాపాడలేదు సుష్మా! చట్టం చేతులు చాలా పొడవు!”

సుష్మ నావైపు తిరిగింది. “ఈయప్పను తీసకపో సర్ఫరాజ్, చెత్త ఎత్తాల,” అని చీపురు ఎత్తింది. ఆ విషయాలకే నోరు మూసుకుంది తప్ప తక్కిన విషయాల్లో ఆమె నోరు బాగానే పనిచేస్తోంది. కాస్త వింతగానే అనిపించింది నాకు. అయినా చీపురు చేతిలో ఉన్న మనిషిని రెండోసారి అడగడం మంచిది కాదు.

మర్నాడు విష్ణువర్ధన్ మారువేషంలో క్యాంటీనుకు వచ్చాడు. మేకప్ పెట్టెలోని గుబురు మీసం, తలకు తువ్వాలు, ఒంటిమీద అదే కోటు. క్యాంటీను నడిపే చెన్నమ్మ అతని ముందు టీ గ్లాసు పెట్టింది.

“నేను ఈ ఊరికి కొత్త. బాటసారిని,” అన్నాడు గొంతు మార్చి.

“సరే గానీ విష్ణూ, మీసం టీలో పడతాది. తీసి పక్కన పెట్టుకోని తాగు.”

విష్ణువర్ధన్ మీసం తీసి బల్ల మీద పెట్టాడు. “చెన్నమ్మక్కా, రహస్యం. మొన్నటి నుంచి సుష్మ ఏమైనా విచిత్రంగా ప్రవర్తించిందా?”

“విచిత్రమేముండాది. టవునుకు పోయి తెల్లగుడ్డ తెచ్చింది, మోకు తెచ్చింది. ఇంత లావు పూలదండ తెచ్చింది. నాకొక మూరెడు ఇయ్యమ్మా అంటే, ఇవి తలలో పెట్టుకునే పూలు కాదక్కా అనింది.”

చెన్నమ్మ అటు వెళ్లగానే విష్ణువర్ధన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. అతని చెయ్యి చల్లగా ఉంది.

“తెల్లగుడ్డ. తాడు. పూలదండ. ఇంకా నీకు అర్థం కాలేదా సర్ఫరాజ్?”

నిజం చెప్పొద్దూ, నాకూ కాస్త గుండె జారింది. గద డొల్లదే గానీ మేష్టారు పెద్దమనిషి. ఎండకు ఎక్కడైనా కళ్లు తిరిగి పడిపోయి ఉంటే? ఆయనకు ఫోన్ చేశాను. మోగింది, ఎవరూ ఎత్తలేదు.

“రిహార్సలుకు రా విష్ణూ, నీకు దండం పెడతా. ఆ సీను పోతే మీ నాయన నిన్ను ఎత్తకపోతాడు.”

“న్యాయం ముందు నటన ఎంత?” అన్నాడు. అని మీసం మళ్లీ అంటించుకున్నాడు. తలకిందులుగా అంటించుకున్నాడు.

పరీక్ష రోజు రానే వచ్చింది. పొద్దునే రేఖ మేడమ్ మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టారు. విష్ణువర్ధన్ తప్ప అందరం ఉన్నాం.

“మీ సీను హాల్లో కాదు. వెనకాల మైదానంలో జమ్మిచెట్టుంది కదా, దాని కింద. ముందర తెర కట్టిస్తాండా. యువరాజు కేక వినపడగానే సుష్మ తెర లాగేస్తాది, అదే మొదలు. అంతవరకు ఆ చెట్టుకాడికి ఒక్కరు పోకూడదు. పుల్లన్న మేష్టారి మాట అది. ఆయన మధ్యాన్నం బస్సుకు వస్తాండారు.”

మేష్టారు బతికే ఉన్నారు! నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ కబురు చెబుదామని విష్ణువర్ధన్‌కు ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. హాస్టల్లో లేడు, క్యాంటీన్లో లేడు. మంచం మీద ఒక్క భూతద్దం డబ్బా మాత్రం ఖాళీగా పడి ఉంది.

మధ్యాహ్నానికి బయటినుంచి పరీక్షకులు వచ్చారు. జమాల్ సాబ్ అని, తెల్ల గడ్డం, సన్నటి మనిషి, ఒకప్పుడు రంగస్థలం మీద పేరు మోసిన నటుడు. ఆయన నవ్వగా చూసినవాళ్లు లేరని మా సీనియర్లు చెప్పేవారు. వచ్చీ రాగానే ముందు వరుసలో కూర్చుని, గడియారం చూసుకున్నారు.

ఆయన వెనక వరుసలో నల్లమాడ ఓబన్న కూర్చున్నాడు. నన్ను చూసి దగ్గరికి పిలిచాడు.

“ఏమప్పా, మావోడు యాడ?”

“వేషం వేసుకుంటాండాడన్నా,” అని అబద్ధమాడాను.

“వేసుకోనీ. తప్పితే వాన్ని, వాని పెట్టెను ఈడ్నుంచే ఎత్తుకపోదామని జీపు తెచ్చినా. యూరియా లోడు దిగింది, అంగట్లో మనిషి లేడు.”

నేను సారథి వేషంలో, చేతిలో చర్నాకోలతో, మైదానమంతా పరుగులు పెట్టాను. చివరకు దూరంగా సీమతుమ్మల మధ్య కోటు కనపడింది. యువరాజు కిరీటం పెట్టుకుని, పట్టుబట్టల మీద తెల్లదొర కోటు తొడుక్కుని, విష్ణువర్ధన్ నేల మీద పాకుతున్నాడు. నన్ను చూసి గొంతు తగ్గించాడు.

“బంతిపూల రేకులు సర్ఫరాజ్! సామాన్ల గది వెనక కిటికీ నుంచి దారి పొడుగునా రాలి ఉన్నాయి. ఈ పూల బాట చివర మనకు నిజం దొరుకుతుంది.”

“నిజం నేను చెప్తా, లెయ్ ముందు! మేష్టారు...”

“శ్... మాట్లాడకు. హంతకుడు దగ్గర్లోనే ఉన్నాడు.”

అని లేచి, పూలరేకుల వెంట పరుగెత్తాడు. నేను అతని వెనక పరుగెత్తాను. తుమ్మముళ్లు కోటును పట్టుకుంటే కోటు అక్కడే వదిలేశాడు. ఆ పరుగులో మేమిద్దరం జమ్మిచెట్టు కిందికి వచ్చి పడ్డాం. ఇటు మేము, మధ్యలో తెర, తెరకు అటు జనం. అటు జనమున్నారని విష్ణువర్ధన్‌కు తెలియదు. పూలరేకులు చెట్టు మొదట్లో ఆగిపోయాయి. అతను తల పైకెత్తాడు. నేనూ ఎత్తాను.

కొమ్మకు మనిషంత మూట వేలాడుతోంది. తెల్లగుడ్డలో తలనుంచి కాళ్లదాకా చుట్టి, మోకుతో బిగించి, మెడలో పూలదండ వేసి, గుండె దగ్గర కుంకుమ పూసి ఉంది. గాలికి మెల్లగా మావైపు తిరిగింది.

విష్ణువర్ధన్ ఒక కేక పెట్టాడు. అలాంటి కేక నేను అంతకుముందు వినలేదు. చెట్టుమీది కాకులు లేచిపోయాయి.

అటువైపు సుష్మ కేక విన్నది. తెర లాగేసింది.

ఎదురుగా జమాల్ సాబ్, రేఖ మేడమ్, ఓబన్న, మూడు వరుసల జనం. విష్ణువర్ధన్ ఎవర్నీ చూడలేదు. వీపు తిప్పి తుమ్మచెట్ల వైపు లగెత్తాడు. ఒక్క క్షణం నాకేమీ తోచలేదు. అయితే మేడమ్ నేర్పిన పాఠం ఒకటుంది. తెర తీశాక ఆకాశం కూలినా ఆట ఆగకూడదు. రెండంగల్లో వాణ్ని పట్టుకుని నా మాట మొదలుపెట్టాను.

“యువరాజా! ఆగుము! నిండు సభలో పలికిన బీరములన్నియు ఏమాయెను?”

“నన్ను వదులప్పా! నీ కాళ్లు పట్టుకుంటా!”

“శత్రువునకు వెన్ను చూపుటకా రథమెక్కితివి?”

“రథమూ వద్దు యాదీ వద్దు! నేనింటికి పోతా! మా నాయన కాడికి పోతా!” అంటూ నిజంగానే నా కాళ్లు చుట్టేసుకున్నాడు. కిరీటం దొర్లిపోయింది. “నేనేం మొగోన్ని కాదప్పా, ఉత్త మాటలోన్ని! రాత్రిపూట బాత్రూముకు పోవాలన్నా నిన్ను లేపుకోని పోతా కదప్పా! నన్ను పంపించెయ్యి, అంగడి చూసుకుంటా, మూటలు మోస్తా, యూరియా అమ్ముకోని బతుకుతా!”

వెనక వరుసలో ఓబన్న దిగ్గున లేచి నిలబడ్డాడు. పక్కవాళ్లు చొక్కా పట్టి కూర్చోబెట్టారు.

“ఎక్కుము చెట్టు!” అని నేను చర్నాకోల ఎత్తాను. “ఎక్కి చూడుము!”

“చచ్చినా ఎక్కను! దానిమీద పీనుగుండాది! చంపి కట్టినారప్పా ఆయప్పను!”

సరిగ్గా అప్పుడు తుమ్మచెట్ల మధ్యనుంచి తెల్ల పంచె, తెల్ల చొక్కా, నుదుట రూపాయంత కుంకుమబొట్టుతో పుల్లన్న మేష్టారు నడిచి వచ్చారు. బస్సు దిగి నేరుగా వస్తున్నారు. ఒళ్లంతా దుమ్ము పట్టి తలవెంట్రుకలు కూడా తెల్లగా ఉన్నాయి.

“ఏంరా, మొదలుపెట్టేసినారా?” అన్నారు.

చంపబడిన మనిషి నోరు తెరిచి మాట్లాడటం విష్ణువర్ధన్ తట్టుకోలేకపోయాడు. దయ్యం నుంచి తప్పించుకోవడానికి ఉన్న దారి ఒక్కటే, చెట్టు. జమ్మిముళ్లు గీసుకుంటున్నా లెక్కచేయకుండా ఉడతలా ఎగబాకాడు. పైకి పోయాక పట్టు కోసం చేతికి అందినదాన్ని గట్టిగా కావలించుకున్నాడు. కావలించుకున్నది ఏమిటో అప్పుడు చూసుకున్నాడు. రెండో కేక వేశాడు. ముడి జారింది. మూటా అతనూ కలిసి కింద పడ్డారు.

గుడ్డ విడిపోయింది. అందులోంచి డాలు దొర్లింది, విల్లు వచ్చింది, కత్తులు వచ్చాయి. ఆఖర్న గద బయటపడి డొల్లగా మోగుతూ పోయి జమాల్ సాబ్ కాళ్ల దగ్గర ఆగింది.

పోయాయని తమకు తెలియని వస్తువులు దొరికినందుకు జనం చప్పట్లు కొట్టారు. ఆగకుండా కొట్టారు.

పుల్లన్న మేష్టారు ముందు కత్తులకు దండం పెట్టి, ఆ తర్వాత జనానికి పెట్టి, సంగతి చెప్పారు. “మా బృందంలో తాతల నాటి కట్టుబాటు సామీ ఇది. నాటకానికి ముందు ఆయుధాలు కప్పు కింద ఉండకూడదు. దిష్టి తీసి, మనిషిని చుట్టినట్ల తెల్లగుడ్డలో చుట్టి, జమ్మిచెట్టుకు కడతాం. పీనుగనుకోని ఎవరూ ముట్టరు. కట్టినోడు ఆట దినం దాకా ఆ ఛాయలకు రాకూడదు. చూసినోళ్లు నోరు విప్పకూడదు. ఈ పాప సుష్మ మాట నిలబెట్టుకునింది. నేను మా ఊరికి పోయి కూసున్నా. ఫోనొచ్చినా ఎత్తలే.”

జమాల్ సాబ్ లేచి వచ్చారు. గదను చేతికి తీసుకుని, కింద కూర్చుని వగరుస్తున్న విష్ణువర్ధన్‌ను చాలాసేపు చూశారు. తర్వాత, మా సీనియర్లు ఎవరూ చూడనిది జరిగింది. ఆయన నవ్వారు.

“భయాన్ని నటించేటోళ్లను శానామందిని చూసినాను. చేతులు వణికిస్తారు, కళ్లు పెద్దవి చేస్తారు. ఈ పిల్లోడు అవేమీ చేయలేదు. మనమున్నామనే సంగతే మర్చిపోయినాడు. ఆ పుస్తకాల మాటలు పారేసి, సొంత మాటలతో ఏడ్చినాడు చూడండి, ఆడ నా గుండె పట్టుకున్నాడు. రేఖమ్మా, దీనికంటే నేర్పించేదేముంది?”

రేఖ మేడమ్ నావైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను.

ఓబన్న జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. కళ్లు తుడుచుకుంటున్నాడు.

“నాయనా విష్ణూ, యూరియా అమ్ముకోని బతుకుతా అంటివే, నిజమనుకుంటిని! లేసి బండి తాళాలు కూడా తీసినా! వీళ్లు పట్టి కూసోబెడ్తే గానీ నాకు నాటకమని తెలిసిరాలే. వానికి దెబ్బ తగిలితే ఎట్ల ఏడుస్తాడో కన్నోన్ని నాకు తెల్దా? అచ్చం అట్లనే ఏడ్చినాడప్పా! కన్నతండ్రినే నమ్మించినావంటే నువ్వు అంగడికి పనికిరావు. ఈడ్నే ఉండు.”

నా కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి. మా ఇద్దరి మార్కులూ నిలిచాయి, వాడి మంచం నా గదిలోనే ఉంటుంది. ఇంతకంటే నాకేం కావాలి?

అప్పుడే ప్రమాదం ముంచుకొచ్చింది. విష్ణువర్ధన్‌కు తేరుకునే శక్తి వచ్చింది. ఒకసారి గదను చూశాడు, ఒకసారి ప్రాణంతో నిలబడ్డ మేష్టారిని చూశాడు. పోయిన ఆయుధాలు దొరికాయి. పోయిన మనిషి దొరికాడు. రెండూ అతని చేతుల మీదుగానే. ముఖం దీపంలా వెలిగింది. లేచి, దుమ్ము దులుపుకుని, లేని కోటు కాలరు పైకి లేపుకున్నాడు. పుస్తకాల గొంతు తిరిగొచ్చింది.

“మహాశయులారా! ఇందాక ఈ చెట్టు కింద మీరు చూసినది ఏమనుకుంటున్నారు? అది...”

అది పరిశోధన అన్నాడంటే అయిపోయింది. నటన కాదు, నిజంగానే జడిసి ఏడ్చాడని తెలిసిపోతుంది. మార్కులు పోతాయి. తండ్రి జీపు సిద్ధంగా ఉంది. చర్నాకోలతో వాడి కాలి మీద పొడిచాను. వాడికి తెలియనే లేదు.

“చెప్పు బేటా,” అన్నారు జమాల్ సాబ్. “అది ఏంది?”

విష్ణువర్ధన్ నోరు తెరిచాడు. జీవితంలో ఛేదించిన మొట్టమొదటి కేసు నాలుక చివర ఉంది. వినడానికి మూడు వరుసల జనం ఉన్నారు. అతని కళ్లు వెనక నిలబడ్డ తండ్రి మీద పడ్డాయి. ఓబన్న ఇంకా కళ్లు తుడుచుకుంటూనే, పక్కాయనతో “మావోడే, మావోడే” అంటున్నాడు. విష్ణువర్ధన్ లేని కోటు కాలరును మళ్లీ కిందికి దించుకున్నాడు.

“నటన సార్,” అన్నాడు మెల్లగా, నల్లమాడ మాటలో. “ఉత్త నటన. శానా రోజుల్నుంచి సాధన చేస్తాండా.”

వాడు అంత పెద్ద త్యాగం చేయడం నేను మళ్లీ చూడలేదు. మీదపడి గట్టిగా కావలించుకున్నాను. “ఊపిరాడలే, వదులప్పా,” అన్నాడు.

జనం లేచి కదులుతున్నారు. పుల్లన్న మేష్టారు తెల్లగుడ్డను దులిపి, మడతపెట్టి, విష్ణువర్ధన్ చేతుల్లో పెట్టారు.

“మా కట్టులో ఇంకొకటుండాది నాయనా. దించినోడే మళ్ల కట్టాల. వచ్చే ఆటకు ముందు ఈ మూట నువ్వే చుట్టి, నువ్వొక్కనివే ఈ చెట్టెక్కి కట్టిరావాల.”

విష్ణువర్ధన్ గుడ్డ వైపు చూశాడు. తలెత్తి కొమ్మ వైపు చూశాడు. మెల్లగా జరిగి జరిగి నా వెనక్కి చేరి, నా అంగీ అంచు పట్టుకున్నాడు.

జమాల్ సాబ్ అది చూసి, రేఖ మేడమ్ చెవిలో అన్నారు.

“చూడమ్మా, పాపం, ఇంకా పాత్రలోంచి బయటికి రాలేదు.”